కట్టప్ప ఎందుకు తినడం లేదు?

ఇంటర్వెల్ కబుర్లు

2015లో 'బాహుబలి' మొదటి భాగం విడుదలైన నాటినుంచి 2017లో రెండో భాగం వచ్చేదాకా దేశం దేశమంతా ఒకే ఒక్క ప్రశ్న వేసుకుంది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? టీ బంకు దగ్గర అదే, రైలు పెట్టెలో అదే, పెళ్ళి పందిట్లో అదే! రాజమౌళిగారు జవాబు చెప్పేశారు గనక ఆ గొడవ తీరింది. కానీ జొన్నగిరిలో మా అక్కగారి ఇంట్లో మాత్రం పోయిన జూన్ నెలలో ఇంకో ప్రశ్న పుట్టింది. కట్టప్ప ఎందుకు తినడం లేదు?

ఈ కట్టప్ప సత్యరాజ్ గారు కారు లెండి. ఒక బల్లి!

గోడమీద ట్యూబులైటు చుట్టూ తచ్చాడే మన మామూలు బల్లి కూడా కాదు. జానెడు పొడవు, పసుపు రంగు ఒళ్ళు, దానిమీద చిరుతపులికి వున్నట్టు నల్లటి మచ్చలు, లావుపాటి తోక. అందుకే దాన్ని లెపర్డ్ గెకో అంటారు. అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, మన దేశపు వాయవ్య మూల... అక్కడి రాళ్ళూ రప్పలూ నిండిన ఎండు నేలలు దాని పుట్టిల్లు. ఇప్పుడు లోకమంతటా పెంపకందార్లు ఇళ్ళల్లోనే గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్ముతున్నారు. మన ఇంటి బల్లిలా అది గోడలెక్కలేదు. వేళ్ళకింద ఆ పట్టు మెత్తలు దానికి లేవు. దానికి బదులు దేవుడు కనురెప్పలిచ్చాడు. ఇంటి బల్లికి రెప్పల్లేక నాలుకతో కళ్ళు తుడుచుకుంటుంది. ఇదేమో పాతకాలం హీరోయిన్‌లా రెప్పలల్లారుస్తూ మనకేసి చూస్తుంది!

మా మేనల్లుడు బెంగళూరులో చదువుకుంటూ అక్కడొక దుకాణంలో దీన్ని కొన్నాడు. నున్నటి తల, చెప్పినమాట వినేలాంటి మొహం... కట్టప్ప అని పేరు పెట్టేశాడు. వేసవి సెలవులకి గాజు పెట్టెతో సహా జొన్నగిరికి పట్టుకొచ్చాడు. ఇంట్లో ఏం జరిగివుంటుందో మీరు వూహించుకోండి. మా అక్క నాలుగు రోజులు వంటింట్లోంచి బయటికి రాలేదు. అవ్వ మాత్రం పెట్టె దగ్గిర పీట వేసుకుని కూర్చుని తేల్చేసింది: "పంచాంగంలో బల్లి మీద బడితే ఏం ఫలితమో వుండాది గాని, బల్లికి కూడు బెడితే ఏం ఫలితమో యాడా రాయల్యా!"

కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి వచ్చిన మనిషి గనక అవ్వకి భయం లేదు. పైగా రోజూ పొద్దున్నే తన పళ్ళెంలోంచి చిటికెడు ఉగ్గాని తీసి పెట్టె మూలన పెట్టేది. కట్టప్ప దానికేసి కన్నెత్తి చూసేవాడు కాదు. "ఉగ్గాని తినని నోరు అదేం నోరురా!" అని అవ్వ ఆశ్చర్యం.

అసలు ఇబ్బంది ఇదీ. అమ్మిన దుకాణందారు మా వాడికి ఒకే మాట చెప్పాడు. మీల్‌వర్మ్ అని, తవుడులో పెరిగే పసుప్పచ్చ పురుగు. అదొక్కటి పెడితే జీవితాంతం చాలు, ఇంకేం అక్కర్లేదన్నాడు. మావాడు ఏడాదిపాటు అదే పెట్టాడు. కట్టప్ప కూడా బుద్ధిగా అదే తిన్నాడు. మే నెలలో బెంగళూరునుంచి తెప్పించిన పురుగుల పార్శిలు దారిలోనే ఎండకి ఉడికిపోయి చచ్చి చేరింది. సరేనని పెరట్లో కట్టెల మోపు కింద కీచురాళ్ళని పట్టి పెట్టాడు. మొహం తిప్పుకున్నాడు కట్టప్ప. మిడత పెడితే గుహలో దూరాడు. పన్నెండో రోజు రాత్రి నాకు ఫోను.

"మామా, పన్నెండు దినాలాయ, ఏం బెట్టినా ముట్టల్యా. తోక సన్నబడుతాండాది. సచ్చిపోతుందేమో మామా..."

వాడి గొంతు విన్నాక నాకు నవ్వు రాలేదు. ఇలాంటి ప్రాణుల్ని పెంచేవాళ్ళ మధ్య నేను చాలా ఏళ్ళుగా తిరుగుతున్నాను. లెపర్డ్ గెకోకి తోకే బ్యాంకు ఖాతా. తిన్న కొవ్వంతా అక్కడ దాచుకుంటుంది. కరువొస్తే అందులోంచి తీసుకుని వాడుకుంటుంది. బాగా ఎదిగిన బల్లి కొన్ని వారాలు పస్తున్నా బతుకుతుంది. పిల్లయితే అన్నాళ్ళు ఆగదు. తోక సన్నబడుతోందంటే ఖాతాలో సొమ్ము తరిగిపోతోందన్నమాట. సరిగా చూసుకుంటే పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు బతికే ప్రాణి అది. మరి దీనికి నిండా రెండేళ్ళు లేవు!

మర్నాడే గుత్తి మీదుగా జొన్నగిరి చేరాను.

జొన్నగిరి గురించి మీకు తెలిసేవుంటుంది. తొలకరి పడిందంటే చాలు, తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి పొలాల్లో జనం తలవంచుకుని వజ్రాలు వెదుక్కుంటూ వుంటారు. ఎక్కడెక్కడినుంచో వచ్చి గుడారాలు వేసుకుంటారు కూడా. అశోకుడి శాసనాల్లో కనిపించే సువర్ణగిరి ఈ వూరేనని కొందరు చరిత్రకారుల మాట. పక్కనే ఎర్రగుడి. అక్కడ కొండరాళ్ళమీద అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. 1929లో ఒక భూగర్భశాస్త్రజ్ఞుడి కంటబడేదాకా వాటి సంగతి బయటి లోకానికి తెలియలేదు. ఒక శాసనంలోనయితే కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకి నడుస్తాయి. చెక్కినవాడు ఏ లోకంలో వున్నాడో!

మొదటి శాసనంలో చక్రవర్తి తన వంటింటి లెక్క చెప్పాడు. పూర్వం ఆ వంటశాలలో రోజుకి లక్షల ప్రాణులు కూరల్లోకి పోయేవట. శాసనం వేయించేనాటికి రెండు నెమళ్ళు, ఒక లేడి, మొత్తం మూడుకి దించాడు. ఆ లేడి కూడా రోజూ కాదట. చూశారా తమాషా! అశోకుడంతవాడు వంటింట్లో రకాలు తగ్గించుకున్న చోట, మా కట్టప్పకి రకాలు పెంచాల్సిన పని నామీద పడింది. రెండో శాసనంలో మనుషులకే కాక పశువులకి కూడా వైద్యం ఏర్పాటు చేశానన్నాడు. సరే, మనం కూడా వైద్యుడి దగ్గరే మొదలుపెట్టాం. పశువుల డాక్టరుగారు బర్రెలకీ గొర్రెలకీ అలవాటుపడ్డ మనిషి. అయినా ఓపికగా దాని నోరు తెరిపించి చూశారు. చీము లేదు, పుండు లేదు, దవడ గట్టిగానే వుంది, కళ్ళు తేటగా వున్నాయి. రోగం కాదు, మొండితనం అన్నారు.

బరువు తూచాలి కదా. ఇంట్లో చిన్న త్రాసు లేదు. అక్క సలహామీద కంసాలి దగ్గరికి తీసుకుపోయాం. బంగారం తూచే త్రాసులో బల్లిని పెట్టించుకున్నాడాయన, పాపం! 52 గ్రాములు. పాత లెక్కన నాలుగున్నర తులాలు. ఏప్రిల్ నెలలో బెంగళూరులో తూచినప్పుడు 58 వుందట. పదోవంతు పోయింది. ఎదిగిన లెపర్డ్ గెకోలు మామూలుగా 50 నుంచి 80 గ్రాముల మధ్య వుంటాయి. ఇంకో నాలుగైదు గ్రాములు తగ్గితే మాత్రం బెంగళూరు డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ఇక్కడ మీకొక సినిమా గుర్తుచేస్తాను. 1993లో స్పీల్‌బర్గ్ తీసిన 'జురాసిక్ పార్క్' చూడనివాళ్ళెవరు? టైరనోసారస్ ముందు కదలకుండా నిలబడితే అది మనిషిని కనిపెట్టలేదని అందులో ఒక సైంటిస్టు చెప్తాడు. నిజంగా ఆ రాక్షసబల్లి చూపు అలా వుండేదా అంటే ఇప్పటి శాస్త్రజ్ఞులు ఒప్పుకోవడం లేదు. కానీ మన గెకోల విషయంలో ఆ మాట చాలా మట్టుకు నిజం. కదిలేదే దాని దృష్టిలో తిండి. కదలనిది రాయి! అవ్వ పెట్టిన ఉగ్గాని రాయి కింద లెక్క. చచ్చిన పురుగు కూడా అంతే. అదే సినిమాలో ఆ జంతువుకోసం మేకని కట్టేస్తే అది వెంటనే రాదు, గుర్తుందా? పెడితే తినదు, వేటాడి తింటుందని అక్కడ చెప్పిందీ అదే సూత్రం.

మరి కీచురాయి కదుల్తూనే వుంది గదా, దాన్నెందుకు తినలేదు? అందుకు కారణం అలవాటు. మీల్‌వర్మ్ గిన్నెలో పడి మెలికలు తిరుగుతుంది, ఎక్కడికీ పోదు. ఏడాదిపాటు పడుకుని తిన్నవాడికి ఎగిరే కీచురాయి వెంట పరుగెత్తమంటే? రోజూ స్టార్ హోటల్లో షూటింగ్ చేసే హీరోని ఎండలో అవుట్‌డోర్‌కి రమ్మన్నట్టుంటుంది!

ఒక్క పురుగుతోనే సరిపోతే పీకులాట ఎందుకని మీరడగవచ్చు. మీల్‌వర్మ్‌లో కొవ్వెక్కువ, కాల్షియం బహుతక్కువ. ఫాస్ఫరస్ మాత్రం కాల్షియానికి ఎన్నో రెట్లు. ఒంట్లో కాల్షియం చాలకపోతే బల్లి తన ఎముకల్లోంచే దాన్ని తోడుకుంటుంది. కాళ్ళు వంకర్లు పోతాయి, దవడ రబ్బరులా మెత్తబడుతుంది, ఆఖరికి నోరు కూడా మూయలేదు. చాలా పురుగుల్లో ఈ కొరత ఎంతోకొంత వుంటుంది గనక రెండు పనులు చెయ్యాలి. ఒకటి, పురుగుకి ముందురోజు కారెట్టు, ఆకుకూర, గుమ్మడిముక్క కడుపునిండా పెట్టాలి. ఆ తిండే బల్లి కడుపులోకి పోతుంది. రెండోది, తినిపించే ముందు పురుగుని కాల్షియం పొడిలో దొర్లించాలి. ఎండ తగలని గాజుపెట్టె బతుకు గనక డి3 విటమిన్ కూడా పొడిరూపంలో అందాలి. అయితే అదెక్కువైనా ముప్పే. డాక్టరు చెప్పిన మోతాదు దాటకూడదు.

పెట్టె చూశాను. కింద ఇసుక పోసివుంది. వేటలో ఇసుక మింగితే పేగులు అడ్డుపడతాయి. తీసి పారేయించాం. మన సీమలో రాయికి కొదవా? బేతంచెర్ల నాపరాయి పలక ఒకటి సైజుకి కోయించి పరిచాం. ఒక పక్క కింద వేడి పలక పెడితే రాయి మెల్లగా కాగి గంటలకొద్దీ వెచ్చగా వుంటుంది. కరెంటు పోయినా వెంటనే చల్లారదు. ఆ మూల 32 డిగ్రీలు, రెండో మూల 25 ప్రాంతం. ఈ బల్లి పొట్ట వెచ్చగా లేకపోతే తిన్నది అరగదు. అరగదని దానికీ తెలుసు, అందుకే తినదు. తొలకరి చల్లగాలికి రాత్రిళ్ళు పెట్టె చల్లబడిపోతోందని మావాడు గమనించనే లేదు. వాడికి కర్నూలు జిల్లా అంటే ఎండ అనే లెక్క!

ఇక అసలు సీనుకొద్దాం. మేం పెట్టుకున్న నియమాలు చెప్తాను. పగలు పెట్టకూడదు. ఇది మసక వెలుతుర్లో తిరిగే ప్రాణి. దీపాలు పెట్టే వేళకి, అంటే ఫస్ట్ షోకి మనం బయల్దేరే టైముకి, దానికి ఆకలేస్తుంది. పురుగు సైజు దాని రెండు కళ్ళ మధ్య దూరాన్ని మించకూడదు. మావాడు పెట్టిన కీచురాళ్ళు దాని తలకాయంత వున్నాయి! భయపడక ఏం చేస్తుంది? పదినిమిషాల్లో తినకపోతే పురుగుని తీసెయ్యాలి. ఆకలిగొన్న కీచురాయి నిద్రపోయే బల్లినే కొరుకుతుంది. రోజూ పెట్టి విసిగించకుండా రెండేసి రోజులు వదిలెయ్యాలి.

మొదటి సాయంత్రం చిన్న కీచురాయిని పొడవాటి పట్టకారుతో పట్టుకుని పెట్టెలో ఆడించాడు అల్లుడు. కట్టప్ప చూశాడు. తల వంచాడు. తోక చివర పామాటలా ఆడించాడు. అది వేట లక్షణమే! అందరం వూపిరి బిగబట్టాం. కట్టప్ప నాలుక చాచి దాన్ని ఒకసారి నాకి... వెనక్కి తిరిగి గుహలోకి వెళ్ళిపోయాడు. క్లైమాక్స్‌లో కరెంటు పోయినట్టయింది.

కానీ నాకిందులో ఒక ఆశ కనిపించింది. నాకి చూసింది గదా! అంటే చూపు చాలడం లేదు, వాసన కూడా సరిపోవాలి. బెంగళూరు పార్శిల్లో అడుగున బతికిన మీల్‌వర్మ్‌లు ఆరో ఏడో తవుడు డబ్బాలో వున్నాయి. రెండు రోజులాగి వాటిలో ఒకదాన్ని చిదిమి, ఆ రసం కీచురాయి ఒంటికి పట్టించాం. పులిహోరలో ఆవపెట్టినట్టు! మళ్ళీ పట్టకారు, మళ్ళీ ఆట. నాకాడు. ఆగాడు. మళ్ళీ నాకాడు. ఠపీమని నోట్లో వేసుకున్నాడు!

'మాయాబజార్'లో వంటకాల పళ్ళేల ముందు కూర్చున్న ఎస్.వి. రంగారావుగారిని చూసి మనందరం ఎంత సంబరపడ్డామో, ఆ ఒక్క కీచురాయిని కట్టప్ప నములుతుంటే మా ఇంటిల్లిపాదీ అంత సంబరపడ్డారు. మా అక్క కూడా వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

అయితే ఒక కీచురాయితో కథ సుఖాంతం కాదు. తర్వాత రెండుసార్లు మళ్ళీ మొండికేశాడు. వాసన పట్టించినా ఒకసారి ఉమ్మేశాడు. మావాడు డీలా పడిపోయి, ఉన్న మీల్‌వర్మ్‌లన్నీ పెట్టేద్దామన్నాడు. వద్దన్నాను. ఇష్టమైనది దొరుకుతుందని తెలిస్తే ఇష్టంలేనిది ఎవడు తింటాడు? మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారుగా, చూడండి! కానీ ఈ పంతం ఎదిగి, ఒంట్లో కొవ్వున్న బల్లి దగ్గరే పనికొస్తుంది. పిల్లబల్లి దగ్గరగాని, జబ్బుబల్లి దగ్గరగాని పస్తు పెట్టడమంటే చంపుకోవడమే. అందుకే కంసాలి త్రాసు దగ్గరికి మూడు రోజులకొకసారి వెళ్ళి వస్తూనే వున్నాం. ఆయన కూడా "ఈపొద్దు ఎంతుండాది మీ సరుకు?" అని ఎదురుచూసేవాడు.

ఆ వారంలోనే పెద్ద వాన పడింది. వాన వెలిశాక జొన్నగిరి వీధిదీపాల కింద ఉసిళ్ళు! పుట్టల్లోంచి రెక్కలతో లేచిన చెదపురుగులు. మన ఇంటి గోడమీది బల్లులన్నీ ఆ రాత్రి పండగ చేసుకున్నాయి. ఒక్కొక్కటి పొట్ట పగిలేలా తిని కదల్లేక పడివున్నాయి. మా పెరటి పుట్టలోంచి లేచినవాటిని మాత్రం ఏరి, రెక్కలు రాల్చి అయిదారింటిని కట్టప్ప ముందు వదిలాం. వాసనా పట్టించలేదు, పట్టకారూ అక్కర్లేదు. గుహలోంచి తానే నడిచివచ్చి ఒక్కొక్కటీ ఏరుకుని తిన్నాడు. పెట్టెలో పుట్టిన బల్లికి ఉసిళ్ళ సంగతి ఎవరు చెప్పారో!

మెత్తనిది, చిన్నది, మెల్లగా పాకేది. మీల్‌వర్మ్‌కీ కీచురాయికీ మధ్య మెట్టులా పనికొచ్చింది. ఆ తర్వాత రెండురోజులకి పెట్టిన చిన్న కీచురాయిని వాసన ఏమీ లేకుండానే వేటాడాడు.

పెరట్లోంచి అన్నాను చూశారా, అది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపట్ల పత్తిచేలున్నాయి. ఆదోని అంటేనే పత్తి. ఆ చేలమీద ఎన్నిసార్లు పురుగుమందు కొడతారో రైతునడగండి. ఆ గట్టుమీద ఎగిరే మిడతని పట్టి పెట్టారంటే విషం గుటక పోసినట్టే. ఇంట్లో బొద్దింక కూడా ఏ మందుగీత మీద నడిచి వచ్చిందో మనకి తెలీదు. మిణుగురుల జోలికి అసలు పోకండి. అమెరికాలో పెంపుడు బల్లులు మిణుగురు తిని చనిపోయిన సంగతి శాస్త్రజ్ఞులు 1999లోనే రాశారు. పాటల్లో ఎంత అందంగా మెరిసినా దాని ఒంట్లో వున్నది విషం.

అందుకని కీచురాళ్ళని ఇంట్లోనే పెంచుకోవడం మేలు. మూతకి దోమల జాలీ వేసిన ప్లాస్టిక్ డబ్బా, లోపల నాలుగు కోడిగుడ్ల అట్టలు, ఒక మూల తడి కొబ్బరిపొట్టు గిన్నె. ఆడకీచురాయి అందులో గుడ్లు పెడుతుంది. మన ఎండలకి రెండు వారాల లోపే పిల్లలొస్తాయి, రెండు నెలలకి పెద్దవవుతాయి. బెంగళూరులో దీనికి హీటరు కావాలి, జొన్నగిరిలో సూర్యుడు చాలు! చిక్కల్లా ఒక్కటే. మగకీచురాళ్ళు రాత్రంతా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వాయిస్తూనే వుంటాయి. మా అక్క రెండో రోజే ఆ ఆర్కెస్ట్రాని గొడ్ల కొట్టంలోకి తరలించింది.

పట్టుపురుగు ఇంకా మంచి తిండి. మెత్తన, కొవ్వు తక్కువ, నీరెక్కువ. మల్బరీ ఆకు తప్ప ఇంకేం తినదు గనక శుభ్రమైన ప్రాణి. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు వుంది, ఆ చుట్టుపట్ల మల్బరీ తోటలున్నాయి. చాకీ పురుగులని, పెంపకం రైతులకి పిల్లపురుగుల్నే అమ్ముతారు. మావాడు స్నేహితుడి ద్వారా ఓ గుప్పెడు తెప్పించాడు. కట్టప్ప వాటిని మాత్రం మొదటి చూపులోనే ఒప్పుకున్నాడు. పట్టుచీర కావాల్సిన పురుగు బల్లి పొట్టలోకి పోయిందని అవ్వ రెండు రోజులు నొచ్చుకుంది. తేనెపట్టుల్లో వుండే మైనపు పురుగులున్నాయి, అవి మిఠాయిలాంటివి. నెలకి ఒకటో రెండో సరే. అలవాటైతే ఇక మిగతావి ముట్టదు.

ఆగస్టులో అల్లుడు మళ్ళీ బెంగళూరు వెళ్ళేముందు కంసాలి దగ్గర ఆఖరిసారి తూచాం. 56 గ్రాములు. తోక గుండ్రపడుతోంది. కీచురాయి, పట్టుపురుగు, అప్పుడప్పుడు మీల్‌వర్మ్. రెండు మూడు రోజులకొకసారి భోజనం. మిడతంటే మాత్రం ఇప్పటికీ గిట్టదు. దాన్ని చూస్తే గుహలోకి పోతాడు. మిడత లేకపోయినా బతకొచ్చు గనక మేమూ బలవంతం చేయలేదు. నోరు పెగల్చి కుక్కమని సలహాలిచ్చిన పెద్దమనుషులున్నారు. ఆ పని డాక్టరు చెయ్యాలి, అదీ గత్యంతరం లేనప్పుడు.

ఈ సంగతి పోయిన నెల ఓ రెండు ముక్కల్లో ప్రస్తావిస్తే చాలా వుత్తరాలొచ్చాయి. రెండింటికి జవాబు చెప్పి ముగిస్తాను.

ఆదోని పాఠకుడొకరు: "పండ్లు తినే బల్లులుంటాయట, నిజమేనా?" నిజమే. క్రెస్టెడ్ గెకో అని న్యూ కాలెడోనియా దీవుల్లో వుంది. కళ్ళమీద రెప్పవెంట్రుకల్లా ముళ్ళుంటాయి. అంతరించిపోయిందనుకున్న ఆ బల్లి 1994లో మళ్ళీ కనిపించింది. పాతతరం హీరోలు సెకండ్ ఇన్నింగ్స్ మొదలుపెట్టినట్టు ఇప్పుడు లోకమంతా ఇళ్ళల్లో పెరుగుతోంది. పండిన పండ్ల గుజ్జూ పురుగులూ రెండూ తింటుంది. దానికోసం తయారుచేసిన పొడిని నీళ్ళలో కలిపి పెడతారు. ఆ పొడి కట్టప్పకి పెడితే ఉగ్గాని గతే పడుతుంది. మీ బల్లి ఏ జాతిదో తెలుసుకున్నాకే గిన్నె పెట్టండి.

ఎమ్మిగనూరు పాఠకురాలొకరు: "తిరుమల కొండల్లో బంగారు బల్లి వుంటుందట, దాన్ని తెచ్చి పెంచుకోవచ్చా?" వద్దే వద్దు! శేషాచలం రాతిగుహల్లో వుండే ఆ బల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ వుంది. పట్టినా, కొన్నా, పెంచినా నేరమే. మన రామచిలుకకీ, నక్షత్ర తాబేలుకీ అదే వర్తిస్తుంది. విదేశీ జీవుల్లో కూడా అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం జాబితాలో వున్నవి ఇంట్లో వుంటే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. కొనేముందు బిల్లూ, పెంపకంలో పుట్టిందన్న కాగితమూ అడిగి తీసుకోండి. అవి ఇవ్వనన్నవాడి దగ్గర కొనకండి. అంత ముచ్చటైతే మీ ఇంటి ట్యూబులైటు కింద ఒకటుంటుంది చూడండి, దానికి మెనూ మీరు రాయక్కర్లేదు. దోమ, ఈగ, చిమ్మట, ఉసిళ్ళు, అన్నీ తనే చూసుకుంటుంది. 2012లో రాజమౌళిగారి 'ఈగ' చూసినప్పట్నుంచి మా అవ్వకి ఆ విషయంలోనే దానిమీద కాస్త కోపం!